పదమూడో జట్టు

ఆ దీవిలో ఖైదీలు లేరు. పొద్దున జెండా ఎగరేసేటప్పుడూ, అన్నం వరసలో నిలబెట్టేటప్పుడూ, రాళ్ళ దగ్గర గద్దించేటప్పుడూ కూడా అధికారులు వాళ్ళని 'కొత్తబతుకు' అనే పిలిచేవారు. కొత్తబతుకూ, ఆ తట్ట ఎత్తు. కొత్తబతుకూ, తల దించు. ఉన్న బతుకు తప్పుడుది కాబట్టి దాన్ని సముద్రంలో వదిలేసి కొత్తది తొడుక్కోవాలని అందులో ఉద్దేశం. వాళ్ళు మాత్రం ఒకరినొకరు క్లాస్‌మేట్ అని పిలుచుకునేవారు. మధ్యాహ్నాలు బల్లల ముందు కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు కనక ఆ మాటలో అధికారులకి తప్పేమీ కనబడలేదు.

దీవికి కూడా రెండు పేర్లున్నాయి. పటంలో పచ్చదీవి. అక్కడే పుట్టి చేపలు పట్టుకునేవాళ్ళకి కాలినదీవి. చుయ్‌సెంగ్ పొయ్యిలు కట్టే మనిషి. అతని నోటికి రెండో పేరే వచ్చేది.

సముద్రానికి అవతల, తైవాన్‌లో చెరకు తోటల మధ్య ఊళ్ళలో అతను ఇల్లిల్లూ తిరిగి వంటింటి పొయ్యిలు కట్టేవాడు. కొత్త పొయ్యి మీద వండిన మొదటి ముద్ద కట్టినవాడికి పెట్టడం అక్కడ ఆనవాయితీ. అలా ఒక ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని తింటుండగా పక్కన కూర్చున్నవాళ్ళు పుస్తకాల గురించీ, భూముల గురించీ మాట్లాడుకున్నారు. మాంసం బాగా ఉడికిందని తప్ప అతనేమీ అనలేదు. కొన్ని నెలల తరవాత ఆ బల్ల దగ్గరున్న వాళ్ళందరినీ పట్టుకుపోయారు. ఏ పుస్తకాలు చదివావని అడిగితే తనకి చదవడం రాదన్నాడు. అయితే విన్నావు కదా అన్నారు. విన్నందుకు పదేళ్ళు వేశారు.

దీవిలో అతని రోజు ఈలతో మొదలయ్యేది. చెక్క అరుగుల మీద ఒకరి తల దగ్గర ఒకరి కాళ్ళు పెట్టుకుని పడుకున్నవాళ్ళంతా ఒక్కసారి లేచేవారు. పోటు తగ్గేవేళకి ఒడ్డుకి దిగి, నీళ్ళలో మునిగే పగడపు రాళ్ళని గునపాలతో పెళ్ళగించి, కావడి వేసుకుని పైకి మోసేవారు. ఆ రాళ్ళతో శిబిరం చుట్టూ గోడ లేచేది. తమ చుట్టూ తామే కట్టుకునే గోడ కదా అని ఎవరైనా వంకరగా పెడితే చుయ్‌సెంగ్‌కి మనసొప్పేది కాదు. ఎవరూ చూడకుండా ఆ రాయి తీసి సరిగ్గా కూర్చోబెట్టేవాడు. మధ్యాహ్నం ఇసుక కలిసిన అన్నం, సోయా గింజల చారు, చిలగడదుంప ఆకు. తరవాత పాఠాలు, చైనా నుంచి వచ్చిన అధికారుల భాషలో. ఆ భాష అతను అక్కడే నేర్చుకున్నాడు. సాయంత్రం మైదానంలో హాజరు. ఉత్తరపు గాలి సముద్రాన్ని చిలికి ఆ ఉప్పుని వాళ్ళ మొహాల మీద చల్లుతుంటే, కళ్ళు మూసుకోకుండా నిలబడాలి.

ఆ వరసలో, నిద్ర అరుగు మీదా కూడా, అతని పక్క చోటు ఆఖిమ్‌ది.

ఆఖిమ్ సైకిళ్ళు బాగుచేసేవాడు. పారిపోతున్న మనిషికి సైకిలు అద్దెకిచ్చాడన్నది అతని మీద నేరం. తిరిగి రాని సైకిలుకి అద్దె కూడా రాలేదని, ప్రభుత్వం కన్నా తనే ఎక్కువ నష్టపోయానని చెప్పి అందరినీ నవ్వించేవాడు. కిరసనాయిలు డబ్బాతో రెండు తీగెల ఫిడేలు చేశాడు. మొగలి ఆకులు ఎండబెట్టి టోపీలు అల్లేవాడు. వాళ్ళమ్మ పేరు బోంగ్‌చీ. 'ఎలాగో పెంచుదాంలే' అని దానికి అర్థం. మళ్ళీ ఆడపిల్లేనా అని విసుక్కున్న ఇళ్ళలో పెట్టే పేరు. మా అమ్మని ఎలాగో పెంచారు, మా అమ్మ నన్ను ఎలాగో పెంచింది, ఇప్పుడు వీళ్ళు ఎలాగో పెంచుతున్నారు అనేవాడు ఆఖిమ్, అన్నంలో రాయి ఏరి పక్కన పెడుతూ.

హాజరు వేళ అంకెలు చెప్పాలి. ఒక్కొక్కడూ పక్కవాడి అంకె విని దానికి ఒకటి కలిపి అరవాలి. ఎడమ పక్క గో మాస్టారు ఇరవై రెండు. ఆఖిమ్ ఇరవై మూడు. చుయ్‌సెంగ్ ఇరవై నాలుగు. అధికారుల భాష ఆఖిమ్ నోట సరిగ్గా పలికేది కాదు. ఇరవై మూడు అనేదాన్ని పాలమ్మేవాడి కేకలా చివర సాగదీసేవాడు. వరసంతా లోలోపల నవ్వుకునేది. రోజంతటిలో అధికారుల ఎదురుగా నవ్వు వచ్చేది ఆ ఒక్క చోటే.

పదమూడో జట్టు అన్న మాట పుట్టించిందీ అతనే. శిబిరంలో పన్నెండు జట్లు. మొదటిసారి ఒక మనిషిని కొండమూల అవతల వాలులో పాతిపెట్టి వచ్చిన రోజు, అందరూ పారలు కడుగుతుంటే, ఆఖిమ్ అధికారి గొంతు పెట్టి ప్రకటన చదివినట్టు చెప్పాడు.

"ఫలానా కొత్తబతుకుని పదమూడో జట్టుకి బదిలీ చెయ్యడమైనది. అక్కడ రాళ్ళు మోసే పని లేదు. మీద పెట్టుకుని పడుకోడమే."

ఆ మాట నిలిచిపోయింది. ఎవరికైనా జ్వరం ముదిరితే పదమూడో జట్టు పిలుస్తోందనేవారు. అన్నం పంపకంలో కొట్టుకునేవాళ్ళని పదమూడో జట్టుకి రెండు ముద్దలట, పోరాదూ అని ఎత్తిపొడిచేవారు. రేవులో చేపలమ్మే ఆడవాళ్ళ దాకా పాకింది. వాళ్ళు దాన్ని నవ్వకుండా, ఊరి పేరు చెప్పినట్టే చెప్పేవారు.

శీతాకాలంలో, నడుం లోతు నీళ్ళలో రాళ్ళు తీసిన వారానికి, ఆఖిమ్ ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది. క్లాస్‌మేట్లలోనే ఉన్న డాక్టరు చేయగలిగింది చేశాడు. మందు ఓడలో రావాలి. గాలికి ఓడ రాలేదు. శీతాకాలపు పండగకి వండిన బియ్యప్పిండి ఉండలు రెండు ఆఖిమ్‌కి పెడితే తిన్నాడు. చుయ్‌సెంగ్ తన గిన్నెలోవి కూడా పెట్టాడు. అవీ తిన్నాడు. తరవాత ఇంకేమీ తినలేదు.

గోతి తవ్వినవాళ్ళలో చుయ్‌సెంగ్ ఉన్నాడు. పైన రాళ్ళు పేర్చే పని అతనికే వదిలేశారు. పొయ్యిలు కట్టిన చెయ్యి పొయ్యే కట్టింది. గుండ్రంగా పేర్చుకుంటూ వచ్చి, సముద్రం వైపు చిన్న నోరు వదిలేశాడు. అయ్యాక చూసుకుంటే అచ్చం వంటింటి పొయ్యిలా ఉంది. విప్పి మళ్ళీ కట్టే వేళ లేదు. ఆఖిమ్ అల్లిన టోపీ మాత్రం గోతిలో వెయ్యలేక తలకి పెట్టుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం హాజరులో వరస ఒక చోటు జరిగింది. గో మాస్టారి పక్కన ఇప్పుడు చుయ్‌సెంగ్. గో మాస్టారు ఇరవై రెండు అన్నాడు. ఆ వెంటనే, గాలిలో, చివర సాగదీసిన ఇరవై మూడు చుయ్‌సెంగ్‌కి వినబడింది. అలవాటు కొద్దీ ఇరవై నాలుగు అన్నాడు. అంకెలు వరస చివరికి వెళ్ళేసరికి మనుషుల కన్నా ఒకటి ఎక్కువ తేలింది.

ఆఫీసరు తలలు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ ఒకటి ఎక్కువ. మూడోసారి ఎవరో వెనక నుంచి డొక్కలో పొడిస్తే చుయ్‌సెంగ్ ఇరవై మూడు అన్నాడు.

కొత్త కదా, పొరపాటు అనుకున్నారు. మర్నాడూ అలాగే జరిగింది. ఆ మర్నాడూ. వరసంతా గాలిలో నిలబడి ఉండగా అన్నం చల్లారిపోయేది, చారు మీద తెట్టె కట్టేది. క్లాస్‌మేట్లు మొదట జాలిపడ్డారు. తరవాత సణుక్కున్నారు. పొయ్యి మేస్త్రీ, ఇటుకలు కూడా ఇలాగే లెక్కపెట్టేవాడివా, జనం ఇళ్ళు తగలబడలేదూ అన్నాడొకడు. చుయ్‌సెంగ్ రోజంతా కావడి కింద ఇరవై మూడు, ఇరవై మూడు అని వల్లె వేసుకునేవాడు. సాయంత్రం ఆ గొంతు వినబడేది. చచ్చిపోయినవాడి అంకె లాక్కున్నట్టుంటుందని నోరు దానంతటదే పక్కకి జరిగేది.

గో మాస్టారు ఒకప్పుడు బడిపంతులు. దెయ్యాలని నమ్మేవాడు కాదు. అది గాలి నాయనా, గోడ కంతల్లోంచి వస్తోంది అని సముదాయించేవాడు. ఒక సాయంత్రం హాజరు అయ్యాక ఆయన అన్నం ముట్టకుండా అరుగు మీద కూర్చున్నాడు. చుయ్‌సెంగ్ గిన్నె తెచ్చి దగ్గర పెట్టాడు.

"వెధవ, ఆ సాగదీయడం ఇంకా మానలేదు," అన్నాడు గో మాస్టారు, గిన్నెలోకి చూస్తూ.

గిన్నె పక్కకి జరిపాడు. తరవాత చెప్పాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు కదా, ఎలా పోతాడు. ఊరికి దూరంగా పోయినవాణ్ణి ఇంటివాళ్ళు వచ్చి పేరు పెట్టి పిలుచుకుంటూ తీసుకెళ్ళాలి. వాగు వస్తే వాగు దాటమని, పడవ వస్తే పడవెక్కమని దారి పొడుగునా చెప్పాలి. చెప్పకపోతే పోయినవాడు నీళ్ళ దగ్గర ఆగిపోతాడు. దాటలేడు. ఆ సంగతి చుయ్‌సెంగ్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. తన తండ్రి శవం ఆసుపత్రి నుంచి వస్తుంటే, ప్రతి వంతెన దగ్గరా నాన్నా వంతెన దాటు అని చెప్పింది అతనే.

మనం పిలిస్తే రాడా అని అడిగాడు.

"మనం పిలిస్తే మన దగ్గరికే కదా వస్తాడు," అన్నాడు మాస్టారు. "వచ్చే ఉన్నాడు కదా."

వసంతంలో ఎగిరే చేపల కాలం వచ్చింది. గాలి తగ్గి ఓడలు మళ్ళీ తిరుగుతున్నాయి. అధికారుల వంటింట్లో పొయ్యి పొగ చిమ్ముతోందని చుయ్‌సెంగ్‌ని రాళ్ళ దగ్గర నుంచి పిలిపించారు. మెంగ్ అనే ఆఫీసరు దగ్గరుండి చేయిస్తున్నాడు. సముద్రం అవతల చైనాలోని షాండాంగ్ వైపు మనిషి, యుద్ధంలో ఇటు వచ్చి తిరిగి పోలేకపోయినవాడు, ముప్ఫై నిండినట్టు లేవు. పచ్చి వెల్లుల్లి కొరుక్కుంటూ గోధుమ రొట్టె తినేవాడు. పెనం పట్టేలా పొయ్యి నోరు వెడల్పు చెయ్యమని, తమ ఇంట్లో ఇంత ఉండేదని చేతులు చాపి చూపించాడు. ఆ చేతులు చాలాసేపు అలాగే ఉంచి, తరవాత దించుకున్నాడు.

అంతలో జవాను వచ్చి, ఒక కొత్తబతుకుని చూడ్డానికి ఎవరో ముసలామె వచ్చిందని, ఆమెకి మన భాష ముక్క రాదని చెప్పాడు. మెంగ్ మసి చేతులతో ఉన్న చుయ్‌సెంగ్ వైపు చూశాడు. నువ్వు రా అన్నాడు. నేను చెప్పింది చెప్పు, ఆమె అన్నది నాకు చెప్పు, నీ సొంత మాట ఒక్కటి కలిపినా ఊరుకోను.

ఊరుకోనంటే ఏమిటో చుయ్‌సెంగ్‌కి తెలుసు. వెనకటేడు చూడవచ్చిన వాళ్ళ చెవిలో ఏదో చెప్పినందుకు ఒక క్లాస్‌మేట్‌ని ఒడ్డున సిమెంటు గూట్లో పడేశారు. బయటికి వచ్చాక ఆ మనిషికి వెలుతురు చూస్తే కళ్ళు నీళ్ళు కారేవి.

గదిలో బల్ల అవతల ఒక చిన్న మనిషి కూర్చుని ఉంది. ముదురు నీలం జాకెట్టు, తలకి నూనె రాసి బిగించిన ముడి. ఓడలో దారి పొడుగునా వాంతులు చేసుకున్నట్టు మొహం పాలిపోయింది. ముడి మాత్రం చెదరలేదు. ఒళ్ళో వెదురు బుట్ట. పళ్ళ మధ్య చిన్న సందు. ఆ సందు చూడగానే ఆమె ఎవరో చుయ్‌సెంగ్‌కి తెలిసిపోయింది. తలమీది మొగలి టోపీ తీసి వెనక్కి పట్టుకున్నాడు.

అతను పలకరించగానే, తన భాష వచ్చినవాడు దొరికాడని ఆమె మొహం విప్పారింది. ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. నాలుగేళ్ళు కూడబెట్టుకుని వచ్చిందట. రేవులో చేపలమ్మే ఆమెని, మా ఆఖిమ్ ఎక్కడమ్మా, ఫిడేలు వాయిస్తాడు, నవ్విస్తాడు అని అడిగితే, ఓ అతనా, పదమూడో జట్టులో ఉన్నాడు అందట.

"పదమూడంటే అన్నిటికన్నా కొత్తదే కదా నాయనా," అంది బోంగ్‌చీ. "కొత్తదానికి మంచివాళ్ళనే ఏరి వేస్తారు, అవునా?"

మెంగ్ బల్ల మీద చూపు పెట్టి తన మాట చెప్పాడు. ఆ కొత్తబతుకు శీతాకాలంలో జబ్బుతో చనిపోయాడు. నియమం ప్రకారం పాతిపెట్టాం. వాళ్ళ ఊరి కచేరీకి కబురు పంపాం. అందలేదంటే అది మా తప్పు కాదు. చెప్పు.

చుయ్‌సెంగ్ నోరు తెరిచాడు. చనిపోయాడు అన్న మాట నాలుక మీద ఉంది. ఆమె అతని నోటి వైపు, వంటకం ఎప్పుడు దించుతారా అని చూసే పిల్లలా చూస్తోంది.

"శీతాకాలం నుంచీ అక్కడే ఉన్నాడు పెద్దమ్మా," అన్నాడు.

అక్కడ చలిగా ఉంటుందా అని అడిగింది. కొండ అడ్డం ఉంది, గాలి అంత కొట్టదన్నాడు. ఉండడానికి చోటు సరిపోతుందా అంది. నేనే కట్టానన్నాడు, సముద్రం కనబడేలా కట్టానన్నాడు. పక్కనున్నవాళ్ళు ఎలాంటివాళ్ళని అడిగింది. నెమ్మదైనవాళ్ళు, ఎవరూ మాట్లాడరని చెప్పాడు.

"మాట్లాడరా? మరి మావాడెలా వేగుతున్నాడురా వాళ్ళతో?" అని ఆమె నవ్వింది. పళ్ళ సందులోంచి ఆఖిమ్ నవ్వే వచ్చింది.

మెంగ్ తలెత్తి చూశాడు. కొడుకు పోయాడంటే నవ్వే తల్లిని అతనెప్పుడూ చూసి ఉండడు. కొంచెం భయపడ్డాడు కూడా. నిబ్బరం గల మనిషి అని గొణిగి, పోటు మారేలోగా ఓడ కదులుతుంది, రేవుకి దిగబెడదాం పద, బుట్ట నువ్వు మొయ్యి అన్నాడు.

ఇవాళ వాణ్ణి చూడనివ్వరు కాబోలు అనుకుంది బోంగ్‌చీ. నియమాలుంటాయి అని తనకి తనే సర్దిచెప్పుకుంది. బుట్టలోంచి తను కుట్టిన గుడ్డ బూట్లు తీసి చుయ్‌సెంగ్ చేతిలో పెట్టింది. వాడికియ్యి, వచ్చే ఏడు మళ్ళీ వస్తానని చెప్పు అంది. వచ్చే ఏడు కాకపోతే ఆ పై ఏడు.

శిబిరం గేటు దాటి ముగ్గురూ నడిచారు. ముందు మెంగ్, వెనక ఆమె, ఆ వెనక బుట్టతో చుయ్‌సెంగ్. దారి వాగు వైపు దిగుతోంది. వాగు మీద రెండు పలకల వంతెన. ఆ వంతెన దగ్గరవుతున్నకొద్దీ చుయ్‌సెంగ్ వెనకబడ్డాడు. ఈమె ఇలా నవ్వుకుంటూ దాటిపోతే, ఓడ ఎక్కిపోతే, అంతే. ఈమె తప్ప ఆఖిమ్‌ని పిలవగలిగే మనిషి భూమ్మీద లేదు. వచ్చే ఏడుకి ఈమె ఉంటుందో లేదో. ఎవరూ పిలవని ఆఖిమ్ గోడ పక్కన నిలబడి ప్రతి సాయంత్రం అంకె చెప్తూనే ఉంటాడు. తన శిక్ష అయిపోయి తను వెళ్ళిపోయాక కూడా చెప్తాడు. అప్పుడు దాని పక్క అంకె చెప్పేవాడు కూడా ఉండడు.

బోంగ్‌చీ వంతెన మీద కాలు పెట్టబోయింది.

"పెద్దమ్మా," అన్నాడు చుయ్‌సెంగ్. "వంతెన వచ్చింది. వాణ్ణి పిలువు."

ఆమె కాలు గాలిలోనే ఆగింది. మెల్లిగా వెనక్కి తీసుకుని నేల మీద పెట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. బతికున్నవాణ్ణి ఎవరూ వంతెన దగ్గర పిలవరు. ఆ సంగతి ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

వాగు నీళ్ళు రాళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. వాటి వైపు చూస్తూనే ఆమె అడిగింది.

"శీతాకాలం పండగకి ముందా, తరవాతా?"

"తరవాత. పిండి ఉండలు తిన్నాడు పెద్దమ్మా. నావి కూడా తిన్నాడు."

ఆమె తలాడించింది. చుయ్‌సెంగ్ చేతిలోంచి గుడ్డ బూట్లు తీసుకుని, వంగి, వంతెన ముందు మట్టి దులిపి, ముందు కొసలు రేవు వైపు ఉండేలా పక్కపక్కన పెట్టింది. చుయ్‌సెంగ్ మొగలి టోపీ ఆమెకిచ్చాడు. వాడే అల్లాడన్నాడు. ఆమె దాన్ని వాసన చూసింది. వాడున్నది ఎటని అడిగి, అటు తిరిగి, బడి నుంచి ఆలస్యంగా వచ్చే పిల్లాణ్ణి అన్నానికి పిలిచే గొంతుతో పిలిచింది.

"ఆఖిమ్, ఒరేయ్ ఆఖిమ్. అమ్మనురా, వచ్చాను. ఇంటికి పోదాం. బూట్లేసుకో. ఇది వాగు, వంతెన ఉంది, దాటు. ఇటు చూసుకుని దాటు."

ముందు నడుస్తున్న మెంగ్ వెనక్కి వచ్చాడు. ఏమంటోందని అడిగాడు.

చుయ్‌సెంగ్ బుట్ట రెండో చేతిలోకి మార్చుకున్నాడు. బూట్లు బిగువుగా ఉన్నాయంటోంది సారూ, కాస్త ఆగి వస్తానంటోంది అన్నాడు.

మెంగ్ నేల మీద ఉన్న బూట్ల వైపు చూశాడు. అవి మగవాడి బూట్లు. ఆమె పిలుస్తున్న కొండమూల వైపు చూశాడు. దవడ ఒకసారి కదిలింది. చుయ్‌సెంగ్ సిమెంటు గూడు గుర్తు చేసుకుని నిలబడ్డాడు.

"మా వైపు కూడా పిలుస్తారు," అన్నాడు మెంగ్, తన భాషలో, ఎవరితోనో అన్నట్టు. "ఇంకా గట్టిగా పిలవాలి. ఇంత మెల్లగా పిలిస్తే గాలికి వినబడదని చెప్పు."

అని వాళ్ళిద్దరికీ వీపు పెట్టి, చాలా దూరం నడిచి, సముద్రం అవతలి ఒడ్డేదో కనబడుతున్నట్టు అటు చూస్తూ నిలబడ్డాడు.

చుయ్‌సెంగ్ ఆ మాట ఒక్క అక్షరం మార్చకుండా ఆమెకి చెప్పాడు. ఆమె గట్టిగా పిలిచింది. కొండకి తగిలి ఆ పేరు రెండుసార్లు వినబడింది. తరవాత బూట్లు తీసి, టోపీలో పెట్టుకుని, రొమ్ముకి ఆనించుకుని వంతెన దాటింది. దారిలో గుంట వస్తే గుంట అని, మలుపు వస్తే మలుపు అని చెప్తూ నడిచింది. మధ్యలో రెండుసార్లు, వెనక ఎవరో అందుకోవడానికి ఆగినట్టు, ఆగింది. చుయ్‌సెంగ్ కూడా ఆగాడు. ఆమెకీ తనకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి నడుస్తున్నానని అతనికి రేవు చేరాక తెలిసింది.

రేవులో చేపలమ్మే ఆమె వీళ్ళని చూసి, బుట్ట మీద గుడ్డ కప్పుకుని మొహం తిప్పుకుంది.

ఓడ ఎక్కేముందు అడగాలి కదా, వచ్చాడో లేదో అంది బోంగ్‌చీ. గుళ్ళో దేవుడి మాట తెలుసుకోడానికి వేసే జంట చెక్కలు ఇక్కడెక్కడ దొరుకుతాయి. ఇసుకలో వెతికి ఒక ఆల్చిప్ప తీసి, రెండు చిప్పలూ విడదీసింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే అడిగినదానికి బదులు చెప్పకుండా నవ్వుతున్నట్టు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చిప్పల్ని అరచేతుల మధ్య పట్టుకుంది. వచ్చావా నాయనా అని అడిగి వదిలింది.

రెండు చిప్పలూ వెల్లకిలా పడి, లోపలి తెల్లదనం ఎండకి మెరిసింది.

"చూడు," అంది ఆమె. "ఇప్పుడు కూడా వేళాకోళమే వీడికి."

మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. చుయ్‌సెంగ్‌కి నవ్వు వచ్చింది. ఆపుకోలేక అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి తీసేసరికి తడిగా ఉంది.

రెండోసారి వేసింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

ఆమె లేచి మోకాళ్ళ ఇసుక దులుపుకుంది. బుట్టలో ఉన్న గుడ్లు, వేరుశనగ ఉండలు అన్నీ తీసి చుయ్‌సెంగ్‌కి ఇచ్చింది. వాడి వాటా నువ్వు తిను, వాడు నీది తిన్నాడుగా అంది. పేరు అడిగింది. నీకెవరున్నారని అడిగింది. ఎవరూ లేరు పెద్దమ్మా అన్నాడు.

"చుయ్‌సెంగ్," అని రెండుసార్లు అనుకుంది. "మర్చిపోనులే. పిలవడానికి ఎవరో ఒకరుండాలి కదా."

అది దీవెనో మరొకటో అతనికి తెలియలేదు. అయినా చేతులు జోడించాడు.

ఓడకీ రేవుకీ మధ్య పలక వేశారు. ఆమె పలక మీద సగం దూరం వెళ్ళి పక్కకి తప్పుకుంది. టోపీ చాపి, ఇది ఓడ, ముందు నువ్వెక్కు అంది. కొంచెంసేపు ఆగి, తరవాత తను ఎక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు మెంగ్ ముందు నడిచాడు. గేటు దగ్గర ఆగి, రేపు ఆ పొయ్యి నోరు సంగతి చూడు అన్నాడు.

ఆ సాయంత్రం హాజరు తీసుకున్నదీ మెంగే. గాలి తగ్గినా ఉప్పు చల్లుతూనే ఉంది. అంకెలు కుడుతూ వస్తున్న సూదిలా వరస వెంట వస్తున్నాయి. చుయ్‌సెంగ్ చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. గో మాస్టారు ఇరవై రెండు అన్నాడు.

చుయ్‌సెంగ్ ఆగాడు.

గోడ కంతల్లోంచి గాలి వచ్చింది. ఒడ్డున అల విరిగింది. దూరంగా శిబిరం పందులు కుడితి కోసం అరిచాయి. అతను ఇంకా ఆగాడు. గో మాస్టారు కదలకుండా, తల తిప్పకుండా, తనూ వింటున్నాడు. కసరవలసిన మెంగ్ కసరలేదు. వరసంతా ఊపిరి బిగబట్టుకుంది. వెనక నుంచి ఎవరూ డొక్కలో పొడవలేదు.

ఏమీ వినబడలేదు. ఇక వినబడదని తెలిసేదాకా ఆగి, చుయ్‌సెంగ్ నోరు తెరిచాడు.

"ఇరవై మూడు," అన్నాడు. చివర కొంచెం సాగింది.

పక్కవాడు ఇరవై నాలుగు అన్నాడు. అంకెలు అలా గోడ దాకా పోయి, ఎంతమంది ఉన్నారో అంత దగ్గర ఆగాయి. ఆ పూట అన్నం వేడిగా ఉంది. చుయ్‌సెంగ్ గిన్నె ముందు పెట్టుకుని, చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు.